1980ల పాటల్లోని ఆ ‘టింగ్’ మన కీబోర్డులో ఎందుకు రాదు?

మీ ప్రశ్న ఇది: వైట్నీ హ్యూస్టన్ ‘గ్రేటెస్ట్ లవ్ ఆఫ్ ఆల్’ లాంటి 1980ల పాటల్లో వినపడే గంట కలిసిన పియానో, మీ యమహా పీఎస్ఆర్ కీబోర్డులో ‘ఎలక్ట్రిక్ పియానో 1’ పెట్టినా రావట్లేదు. ల్యాప్‌టాప్‌లో డెక్స్‌డ్ (పాత యమహా డీఎక్స్7 కీబోర్డును అనుకరించే సాఫ్ట్‌వేరు) వేసుకుంటే రేకు డబ్బా కొట్టినట్టు మోగుతోంది. అలాగే పాటపాటకీ వినపడే ఇలాంటి టోన్లు ఇంకేమున్నాయి, వాటిని ఎలా రాబట్టాలి?

ముందు మొదటి సమస్య. మీరు పెట్టింది వేరే టోను. జనరల్ మిడి, అంటే కీబోర్డులన్నిటికీ ఉమ్మడిగా ఉండే టోన్ల నెంబర్ల జాబితాలో 5వ నెంబరు ‘ఎలక్ట్రిక్ పియానో 1’. అది ఫెండర్ రోడ్స్ తరహా, గుండ్రంగా మెత్తగా ఉంటుంది. మీ చెవిలో ఉన్నది 6వ నెంబరు ‘ఎలక్ట్రిక్ పియానో 2’కి దగ్గరగా ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు నెంబర్లను 0 నుంచి లెక్కపెడతాయి, వాటిలో అదే టోను 5గా కనిపిస్తుంది. ఈ ఒక్క అంకె తేడాతో తప్పు టోను పెట్టుకుని, తమ కీబోర్డే పనికిరాదనుకునేవాళ్లు చాలామంది.

అసలు శబ్దం 1983లో వచ్చిన యమహా డీఎక్స్7ది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతిని (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి శబ్దం పుట్టించడం) యమహా లైసెన్సు తీసుకుని చేసిన కీబోర్డు అది. 61 కీలు, ఒకేసారి 16 స్వరాలు, ఒక్కో టోనుకు 6 ఆపరేటర్లు (తరంగాలు పుట్టించే భాగాలు), వాటిని కలపడానికి 32 అల్గారిదమ్‌లు. టోను మార్చుకుందామంటే 2 వరసల చిన్న తెర, ఒక్కటే స్లయిడరు, చదునైన బటన్లు. అందులో కొత్త టోను తయారు చేయడం ఎంత కష్టమంటే, స్టూడియోల్లో ఎక్కువమంది ఫ్యాక్టరీ టోన్లనే నేరుగా వాడేశారు. వేర్వేరు గాయకులు, వేర్వేరు దేశాల పాటల్లో అచ్చంగా ఒకే పియానో వినపడడానికి పెద్ద కారణం ఇదే. ఆ టోను పేరు ‘ఈ.పియానో 1’, రోమ్ 1ఎ అనే ఫ్యాక్టరీ టోన్ల బ్యాంకులో 11వది.

డెక్స్‌డ్ ఉచితం, మీ దగ్గర ఎలాగూ ఉంది. అందులో ‘కార్ట్’ బటన్ నొక్కి డీఎక్స్7 రోమ్ 1ఎ ఫైలు తెరిచి 11వ టోను పెట్టండి. బయటి నుంచి తెచ్చుకున్న ఫైలైతే సైజు చూడండి. 32 టోన్ల బ్యాంకు సరిగ్గా 4,104 బైట్లు ఉండాలి. ఏ కొంచెం తక్కువున్నా ఫైలు సగంలో తెగినట్టే, లోడైనా టోన్లు చెత్తగా మోగుతాయి.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఈ టోను 5వ అల్గారిదమ్ మీద కట్టింది. 6 ఆపరేటర్లు మూడు జంటలుగా ఉంటాయి. ప్రతి జంటలో ఒకటి మనకు వినపడేది, రెండోది దాన్ని కదిలించేది. తెర మీద 3, 4, 5, 6 ఆపరేటర్లను ఆపేసి 1, 2 మాత్రమే ఉంచి ఒక స్వరం వాయించండి. జలతరంగంలో పింగాణీ గిన్నె అంచు మీద పుల్లతో తట్టినట్టు ‘టింగ్’ అని వచ్చి, వెంటనే సన్నగిల్లుతుంది. 2వ ఆపరేటరు అసలు స్వరానికి 14 రెట్ల ఫ్రీక్వెన్సీలో ఉండడం వల్ల ఆ మెరుపు. ఇప్పుడు 1, 2 ఆపేసి మిగతా నాలుగూ వినండి. మెత్తటి, కాస్త అలలు అలలుగా కదిలే అడుగు శబ్దం మాత్రమే మిగులుతుంది. మనం ‘ఆ పాటలో పియానో’ అని గుర్తుపట్టేది మొదటి సగాన్ని. తర్వాత ఎంతసేపు మోగినా, గుర్తు పట్టించేది ఆ మొదటి దెబ్బే.

రేకు డబ్బా మోత ఎందుకొస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. 2వ ఆపరేటరుకు టచ్ సెన్సిటివిటీ పూర్తిగా, అంటే 7 దగ్గర పెట్టారు. వేలు ఎంత గట్టిగా పడితే టింగ్ అంత పదునెక్కుతుంది. అసలు డీఎక్స్7 కీబోర్డు మాత్రం ఎంత బలంగా కొట్టినా 127 దాకా వెలాసిటీ (దెబ్బ బలం చెప్పే అంకె, గరిష్ఠం 127) పంపదు, 100కి అటూఇటూ ఆగిపోతుంది. టోన్లు తయారుచేసినవాళ్లు ఆ కీబోర్డు మీదే విని సరిచూసుకున్నారు. మన ఇప్పటి కీబోర్డు 120, 127 పంపుతుంటే వాళ్లు ఎప్పుడూ వినని చోటికి టోను వెళ్లిపోతుంది. మీరు వాడే రికార్డింగు సాఫ్ట్‌వేరులో వెలాసిటీని 80 శాతానికి కుదించండి, 127 కాస్తా 101 దగ్గర ఆగుతుంది. బల్లాడ్ తరహా పాటకు ఎక్కువ స్వరాలు 60–85 మధ్య ఉండి, పదం ఎత్తుకునే చోట ఒకటి రెండు మాత్రం 95 తాకితే చాలు. దీనికి విరుద్ధంగా, టోను చప్పగా ఉండి టింగ్ అసలే లేదంటే, మీ కీబోర్డులో టచ్ రెస్పాన్స్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. అప్పుడు ప్రతి స్వరమూ ఒకే వెలాసిటీతో పోతుంది, ఎఫ్ఎం టోనుకు ప్రాణమే ఉండదు.

ఇంకా రికార్డులా లేదనిపిస్తే అది టోను తప్పు కాదు. డీఎక్స్7లో రివర్బ్ (గది ప్రతిధ్వని) లేదు, కోరస్ (శబ్దాన్ని కొద్దిగా ఊపి వెడల్పు చేసే ఎఫెక్ట్) లేదు, బయటికి వచ్చేది మోనో. రికార్డుల్లో వినపడే ఆ వెడల్పు స్టూడియోలో తర్వాత వేసింది. ముందు స్టీరియో కోరస్ పెట్టండి, వేగం 0.5–0.8 హెర్ట్జ్, మిక్స్ 30–40 శాతం. దాని తర్వాత ప్లేట్ రివర్బ్, సుమారు 2 సెకన్లు, ప్రీ-డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు విరామం) 20–30 మిల్లీసెకన్లు. ప్రీ-డిలే సున్నా ఉంటే రివర్బ్ నేరుగా టింగ్ మీదే పడి దాన్ని మింగేస్తుంది. 300 హెర్ట్జ్ చుట్టుపక్కల 2–3 డెసిబెల్స్ తగ్గిస్తే గొంతుకి చోటు దొరుకుతుంది. వరస మాత్రం మార్చకండి. రివర్బ్ తర్వాత కోరస్ పెడితే తోక మొత్తం ఊగుతూ నీళ్లలో మునిగినట్టుంటుంది. ఆ కాలంలో దీన్ని చాలాసార్లు అసలు పియానోతో జోడించి వాడారు. మీరూ అలా కలపాలనుకుంటే పియానోని 6 డెసిబెల్స్ కింద ఉంచండి.

ల్యాప్‌టాప్‌తో వాయించేటప్పుడు రెండు చిక్కులు ఎదురవుతాయి. కీబోర్డు సొంత శబ్దం, డెక్స్‌డ్ శబ్దం రెండూ కలిసి మోగుతుంటే కీబోర్డులో లోకల్ కంట్రోల్ ఆఫ్ చెయ్యండి. వేలు పడ్డాక శబ్దం ఆలస్యంగా వస్తుంటే ఏఎస్ఐఓ డ్రైవరు పెట్టి బఫర్ 128 శాంపిళ్లకు దించండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 అంటే సుమారు 3 మిల్లీసెకన్లు, అదే 512 అయితే దాదాపు 12. నెమ్మదిగా పరుచుకునే టోన్లకు 12 ఫరవాలేదు గానీ, దెబ్బ మీదే బతికే ఈ టోనుకు చేతికే తెలిసిపోతుంది.

అదే బ్యాంకులో 15వది ‘బాస్ 1’. ఆ-హా ‘టేక్ ఆన్ మీ’, కెన్నీ లాగిన్స్ ‘డేంజర్ జోన్’ పాటల్లో వినపడే బాస్ అదే. రెండు అష్టకాలు దించి, స్వరాన్ని తుంచి తుంచి వాయించండి. సస్టెయిన్ పెడలు ముట్టుకోకండి, కోరస్ వద్దు. దాని బలం మోనోలోనే ఉంది.

ఇక కోర్గ్ ఎం1 కీబోర్డు, 1988లో వచ్చింది. దీంట్లో రెండు టోన్లు క్లబ్బు సంగీతాన్ని ఏలాయి. ‘పియానో 16’ మడోన్నా ‘వోగ్’లోనూ, బ్లాక్ బాక్స్ ‘రైడ్ ఆన్ టైమ్’లోనూ ఉంది. ‘ఆర్గన్ 2’ రాబిన్ ఎస్ ‘షో మీ లవ్’లోని ఆ బాస్. ఎం1లో శాంపిళ్లకు (రికార్డు చేసి దాచిన శబ్దాలకు) ఉన్న జాగా మొత్తం 4 మెగాబైట్లు. ఆ ఇరుకులో పియానోకి తక్కువ శాంపిళ్లు పెట్టి కీబోర్డంతా సాగదీశారు. అందుకే అసలు పియానోలా కాక, గట్టిగా, ఇత్తడి బిళ్ల తగిలినట్టు మోగుతుంది. ఇప్పటి గిగాబైట్ల పియానో లైబ్రరీతో ఈ శబ్దం తేవాలని చూడడం దండగ పని, అది మరీ అందంగా ఉంటుంది. కోర్గ్ వాళ్లే ఎం1ని ప్లగిన్‌గానూ, ఐప్యాడ్‌కి ‘ఐఎం1’ పేరుతోనూ ఇచ్చారు, నేరుగా అది వాడండి.

ఎం1 పియానో వాయించే తీరు కూడా ఈ.పియానోకి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ టచ్‌లో తేడాలు అక్కర్లేదు, వెలాసిటీ 110–120 దగ్గర దాదాపు ఒకేలా ఉంచాలి. చేతి ఆకారం మార్చకుండా అదే కార్డును పైకీ కిందికీ జరపాలి, తాళం దెబ్బకి కాస్త ముందు గానీ వెనక గానీ తుంచాలి. ఆర్గన్ 2ని మాత్రం కుడిచేత్తో కాదు, కింది అష్టకాల్లో బాస్‌గా వాయించాలి. పైన వాయిస్తే మామూలు ఆర్గన్‌లా ఉంటుంది, ఎవరూ గుర్తుపట్టరు. చాలామంది పొరపడేది ఇక్కడే. టోను సరైందే, అష్టకం తప్పు.

1987 నాటి రోలాండ్ డి-50 కీబోర్డు వేరే దారి పట్టింది. మెమరీ ఖరీదు కాబట్టి స్వరం మొత్తాన్ని శాంపిల్ చెయ్యకుండా, మొదటి దెబ్బను మాత్రమే అసలు వాయిద్యం నుంచి తీసుకుని, తోకను సింథ్‌తో అతికించారు. మన చెవి వాయిద్యాన్ని మొదటి క్షణంలోనే పోల్చుకుంటుందన్న సంగతి వాళ్లు అలా వాడుకున్నారు, నాకు చాలా ఇష్టమైన తెలివి అది. పైగా రివర్బ్, కోరస్ లోపలే ఉన్నాయి, కాబట్టి ఆన్ చేయగానే పూర్తయిన రికార్డులా వినపడేది. ఎన్యా ‘ఒరినోకో ఫ్లో’లో తీగ మీటినట్టుండే కార్డులు దీంట్లోని ‘పిజ్జగోగో’ టోను. ఇంకో టోను ‘ఫాంటేసియా’, గంట దెబ్బ వెనకాల మబ్బులా పరుచుకునే ప్యాడ్. అది మీ పీఎస్ఆర్‌లో కూడా ఉంది: జనరల్ మిడి 89, ‘న్యూ ఏజ్ ప్యాడ్’. రోలాండ్ సౌండ్ క్యాన్వాస్‌లో ఆ నెంబరు పేరే ‘ఫాంటేసియా’. పిజ్జగోగోకి బదులుగా 46వ నెంబరు పిజ్జికాటో స్ట్రింగ్స్ పెడతారు గానీ అది పొడిగా, చెక్క మీద కొట్టినట్టుంటుంది. దానిపైన 89ని సగం వాల్యూమ్‌తో లేయర్ చేసి, పాట టెంపోకి సరిపడే డిలే వేస్తే కొంత దగ్గరికొస్తుంది.

‘ఢాం’ అని ఒక్కసారిగా పడే ఆర్కెస్ట్రా హిట్ వీటన్నిటికన్నా పాతది. ఫెయిర్‌లైట్ సీఎంఐ అనే తొలితరం శాంప్లర్ కీబోర్డు లైబ్రరీలో ‘ఆర్క్5’ అనే శాంపిల్, స్ట్రావిన్‌స్కీ ‘ఫైర్‌బర్డ్’ రికార్డులోంచి ఒక్క దెబ్బ కోసి తీసింది. 1982లో ఆఫ్రికా బంబాటా ‘ప్లానెట్ రాక్’తో జనంలోకి వెళ్లింది. మీ కీబోర్డులో ఇది 56వ నెంబరు. దీంతో కార్డు వాయించకండి. ఒక్క కీలోనే ఆర్కెస్ట్రా మొత్తం ఉంది, మూడు కీలు కలిపితే బురదే. ఒక కీ, లేదా ఒక కీ దాని కింది అష్టకం. మరీ శుభ్రంగా వినిపిస్తే బిట్ క్రషర్‌తో (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) 8 బిట్లకు దించి, 10 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి.

పీటర్ గాబ్రియెల్ ‘స్లెడ్జ్‌హామర్’ మొదట్లో వచ్చే వెదురు వేణువు, ఎనిగ్మా ‘సాడ్‌నెస్’లో మళ్లీ వచ్చేది కూడా, ఎమ్యులేటర్ 2 అనే శాంప్లర్ లైబ్రరీలోని షాకుహాచి (జపాన్ వేణువు). అందులో ఊపిరి, స్వరం వంపు శాంపిల్‌లోనే ఉన్నాయి. జనరల్ మిడి 78వ నెంబరు షాకుహాచిలో ఆ వంపు ఉండదు, పిచ్ బెండ్‌తో మీరే వెయ్యాలి.

చివరిగా, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 వాయించేవాళ్లకి. ఆ కీబోర్డు పెన్‌డ్రైవ్ నుంచి వేవ్ ఫైలు తీసుకుని టోనుగా మార్చుకుంటుంది కాబట్టి, ఈ టోన్లన్నీ అలా ఎక్కించేద్దామనిపిస్తుంది. ఆర్కెస్ట్రా హిట్, షాకుహాచి అలా ఎక్కిస్తే చక్కగా పనిచేస్తాయి, అవి పుట్టుకతోనే ఒక్కో శాంపిళ్లు. ఈ.పియానో 1 మాత్రం చెడిపోతుంది. ఒక్క వెలాసిటీ దగ్గర రికార్డు చేసిన టింగ్ మెత్తగా వాయించినా అదే పదునుతో వస్తుంది, రెండు అష్టకాలు పైకి పోతే కీచుగా మోగే బొమ్మ కీబోర్డే. దానికి లోపలున్న ఎఫ్ఎం తరహా ఎలక్ట్రిక్ పియానో తీసుకుని కోరస్ సరిచేసుకోవడమే మేలు. హిట్ ఎక్కించేటప్పుడు వేవ్ మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని పూర్తిగా కోసేయండి. అక్కడ 20 మిల్లీసెకన్లు మిగిలిపోయినా ప్రతి దెబ్బా డోలు కన్నా వెనక పడుతుంది, తప్పు మీ చేతిదనుకుంటారు.