పాఠాలు చెబితే శిల్పి చెయ్యి మొద్దుబారుతుందా?

ప్రశ్న: "సిరామిక్ శిల్పాలు చేస్తాను. ఇల్లు గడవడానికి స్కూల్లో క్లాసులు చెబుతున్నాను. సొంత పని దెబ్బతింటుందేమోనని టెన్షన్. మానేయమంటారా?"

మానకండి. నేను తిరుపతిలో వారాంతాల్లో పిల్లలకు మట్టి పని నేర్పిస్తాను. మిగతా రోజుల్లో కాయలు, గింజలు, మొగ్గల్లాంటి ఆకారాలు చేస్తుంటాను. ఈ మధ్య నా శిల్పాల్లో వచ్చిన మార్పు క్లాసులో పుట్టిందే.

ఒకసారి దారి పక్కన దొరికే కాయ ఏదైనా తెమ్మన్నాను. ఆరో తరగతి అమ్మాయి జిల్లేడు కాయ తెచ్చింది. మిగతావాళ్లంతా ముద్ద చేసుకుని పైనుంచి చెక్కుతున్నారు. ఈ పిల్ల మాత్రం పలుచగా గిన్నెలా ఒత్తి, లోపల వేలు పెట్టి బయటికి తోస్తోంది. ఎందుకలా అంటే, "కాయ లోపల్నుంచే కదా సార్ ఉబ్బేది" అంది. వేలు తోసిన చోట మట్టి బిగిసి, సన్నటి నెర్రెలు వచ్చాయి. తడి వేలితో రుద్దబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. అచ్చం ముదురు కాయ తోలు! పైగా బోలుగా ఉంది కాబట్టి ఆములో, అంటే మట్టి కాల్చే బట్టీలో, పగలదు. మందపాటి ముద్దయితే లోపలి తడి ఆరదు, అది ఆవిరై బొమ్మను పేల్చేస్తుంది. అప్పట్నుంచి పెద్ద కాయలు చేసేటప్పుడు నేనూ మట్టి తాళ్లు చుట్టి, కొయ్య గరిటెతో లోపల్నుంచే తోస్తున్నాను. ఉలితో చెక్కితే రాని నిండుదనం అలా వస్తుంది.

నాకు కోపం తెప్పించేది స్కూళ్ల తీరు. మట్టి అంటే వాళ్లకు వినాయక చవితి ముందు వారమే గుర్తొస్తుంది. అచ్చులు పంచి, అందరి చేతా ఒకే బొమ్మ చేయించి, ఫోటోలు తీసుకుంటారు. పక్కనే పలమనేరులో అంత మంచి టెర్రకోట పనివాళ్లుంటే ఒక్కరినీ పిలవరు.

నేర్పడం వల్ల పని పోతుందనేవాళ్లు సిరామిక్ శిల్పి జ్యోత్స్నా భట్‌ను చూడాలి. బరోడా యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. ఆవిడ పిల్లులు, కప్పలు, గుడ్లగూబలు ఇప్పటికీ ప్రాణమున్నట్టే ఉంటాయి. పుదుచ్చేరిలో సిరామిక్ కళాకారులు రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీనీ చూడండి. మన దేశంలో పేరున్న సిరామిక్ కళాకారులు చాలామంది అక్కడ నేర్చుకున్నవాళ్లే. నేర్పిన మీకర్ మాత్రం తన భారీ శిల్పాలు మానేశారా? మన తిరుమల కొండ కథలో కుమ్మరి కురువనంబి కూడా పొట్టకూటి కోసం కుండలు చేసే సారె (కుమ్మరి చక్రం) దగ్గర కూర్చునే స్వామికి మట్టి పూలు చేశాడు. తొండమాన్ రాజు బంగారు పూల కంటే అవే ముందు చెప్పుకుంటాం.

మీరు చూసుకోవాల్సింది వేళలు. పొద్దుటి గంటలు మీ పనికి ఉంచుకుని, క్లాసులు మధ్యాహ్నానికి మార్చమని అడగండి. మట్టి, ఆము ఖర్చు ఫీజులోనే కలిపి మాట్లాడుకోండి. ఈ రంగంలో చాలామంది అది అడగలేకే నష్టపోతున్నారు.