ఆర్డుయినో ఉనో బోర్డుకి ఈఎస్‌పీ-01 వైఫై మాడ్యూల్ కలిపి వెబ్ సర్వర్ పెట్టాను. ఒకసారి ఓకే అంటుంది, ఒకసారి చెత్త అక్షరాలు. బాడ్ రేట్ (సీరియల్ తీగ మీద డేటా వెళ్లే వేగం) ఎంత పెట్టాలి?

9600 పెట్టండి. మీరు అడిగినదానికి జవాబు అంతే. కానీ అది మార్చగానే మీ పేజీ నిలబడిపోతుందని మాత్రం ఆశపడకండి.

ఆ మాడ్యూల్ సాధారణంగా 115200 వేగంతోనే చేతికొస్తుంది. ఉనోలో సాఫ్ట్‌వేర్ సీరియల్, అంటే మామూలు పిన్నుల్ని కోడ్‌తో సీరియల్‌గా వాడే లైబ్రరీ, ఆ వేగంతో నమ్మకంగా వినలేదు, అక్షరాలు జారిపోతాయి. యూఎస్‌బీ-టీటీఎల్ కన్వర్టర్‌తో మాడ్యూల్‌ని కంప్యూటర్‌కి 115200 దగ్గరే కలిపి ‘ఏటీ+యూఏఆర్‌టీ_డెఫ్=9600,8,1,0,0’ అని ఒకసారి కొడితే మాడ్యూల్లో సేవ్ అయిపోతుంది. ఆర్డుయినో ఐడీఈ సీరియల్ మానిటర్‌లో లైను చివరికి ఎన్ఎల్, సీఆర్ (కొత్త లైను గుర్తులు) రెండూ ఎంచుకోండి. లేకపోతే ఎన్ని కమాండ్లు కొట్టినా ఉలకదు పలకదు.

పవర్ ఇవ్వగానే వచ్చే చెత్త వేరు. ఆ బూట్ సందేశం 74880లో వస్తుంది, వదిలేయండి. అదే చెత్త పేజీ తెరిచినప్పుడు మధ్యలో వచ్చిందంటే మాత్రం మాడ్యూల్ చచ్చి మళ్లీ పుట్టి ఏడుస్తోందని అర్థం. ఉనో మీది 3.3 వోల్టుల పిన్ను ఇచ్చేది 50 మిల్లీ ఆంపియర్లు. వైఫైలో పంపేటప్పుడు ఈఎస్‌పీ 170 దాకా లాగుతుంది, క్షణకాలం అంతకంటే ఎక్కువే. నూటికి తొంభై మంది బాధ ఇదే, నా లెక్కలో! 5 వోల్టుల అడాప్టర్, దానికో ఏఎంఎస్1117 (3.3 వోల్టులకి దించే రెగ్యులేటర్), మాడ్యూల్ కాళ్ల దగ్గరే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, గ్రౌండులన్నీ ఒకటి చేసి, అప్పుడు కోడ్ జోలికి వెళ్లండి.

పవర్ సరిగ్గా ఉన్నా సీరియల్ ఎలా ముంచుతుందో తెనాలిలో మా అక్కావాళ్లింట్లో చూశాను. మా మేనల్లుడి ఫైనలియర్ ప్రాజెక్టు అది. ట్యాంకు మూత కింద అల్ట్రాసోనిక్ సెన్సర్, ఉనో, ఈఎస్‌పీ-01, మోటారుకి రిలే. సెల్‌లో పేజీ తెరిస్తే నీళ్లు ఎంతున్నాయో కనపడాలి. కనపడేది కూడా. కాకపోతే బావ పేజీ తెరిచిన ప్రతిసారీ నడుస్తున్న మోటారు ఆగిపోయేది. "ఏరా, నేను చూస్తే దీనికి సిగ్గా?" అని బావ. "రిలే మార్చాలి మావయ్యా" అని వీడు.

ల్యాప్‌టాప్ తగిలించి, సెన్సర్ నుంచి నీళ్ల దాకా ఎన్ని సెంటీమీటర్లో చెప్పే రీడింగులు చూస్తూ కూర్చున్నాను. 118, 118, 117. బావ సెల్‌లో పేజీ నొక్కాడు. 14. మళ్లీ 118. నీళ్లు మీటరు పైకి ఎగిరి కిందికి దిగాయన్నమాట!

జరిగింది ఇదీ. బ్రౌజర్ మనం అడిగిన ఒక్క ముక్కే పంపదు. హెడర్లూ అవీ కలిపి నాలుగైదు వందల బైట్లు పంపి, వెనకాలే ఫేవికాన్ (ట్యాబ్ మీది చిన్న బొమ్మ) కోసం ఇంకో రిక్వెస్టు కూడా పంపుతుంది. ఈఎస్‌పీ అదంతా సీరియల్ మీద ఉనో నెత్తిన పోస్తుంది. 9600లో ఒక బైటుకి మిల్లీసెకను పైచిలుకు పడుతుంది. సాఫ్ట్‌వేర్ సీరియల్ ఆ బైటు వచ్చినంతసేపూ ప్రాసెసర్ని కదలనివ్వదు. అటు సెన్సర్ శబ్దం నీళ్లకి తగిలి తిరిగొచ్చే సమయాన్ని చెప్పే ఎకో పల్సు 118 సెంటీమీటర్లకి ఏడు మిల్లీసెకన్ల లోపే. ఆర్డుయినో పల్స్‌ఇన్ ఫంక్షన్ దాన్ని కొలిచేది లూపులు లెక్కపెట్టి. మధ్యలో దొంగిలించిన సమయం లెక్కలోకి రాదు. పల్సు పొట్టిదైపోయింది, దూరం తగ్గింది, ట్యాంకు నిండిందనుకుని కోడ్ మోటారు ఆపేసింది. పైగా సాఫ్ట్‌వేర్ సీరియల్ బఫర్ (వచ్చిన బైట్లు దాచుకునే చోటు) 64 బైట్లే. ఉనో వేరే పనిలో ఉంటే మిగతా రిక్వెస్టు గాలికి పోతుంది. కొన్నిసార్లు పేజీ సగంలో ఆగేది అందుకే.

ఆ కోడ్ మావాడు రాసింది కాదు. ప్రాజెక్టులు అమ్మే ఒక షాపులో కిట్టుతో పాటు వచ్చింది. ప్రతి కమాండు తర్వాత డిలే 2000, అంటే రెండు సెకన్లు ఊరికే ఆగడం! జవాబు వచ్చిందో లేదో చూసే లైను ఒక్కటి లేదు. బైండింగ్ చేసిన రిపోర్టు మాత్రం బంగారు అక్షరాలతో ధగధగలాడుతోంది. వైవాలో యూఏఆర్‌టీ పూర్తి పేరు అడిగారట. బఫర్ నిండితే ఏమవుతుందని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

నేను చేసిందల్లా వెబ్ సర్వర్ని ఉనో నెత్తి మీంచి దించడం. ఈఎస్‌పీ-01లో ఏటీ కమాండ్లు వినే ఫర్మ్‌వేర్ తీసేసి, ఆర్డుయినో ఐడీఈలోంచే సర్వర్ కోడ్ ఎక్కించాను. బ్రౌజర్‌తో గోలంతా అదే పడుతుంది. ఉనో రెండు సెకన్లకోసారి ‘ఎల్=118’ అని ఒక లైను చెప్పి తన పని చూసుకుంటుంది. ఈఎస్‌పీ నుంచి ఉనోకి డేటా తీగే లేదు. ఉనో టీఎక్స్ (పంపే పిన్ను) నుంచి ఈఎస్‌పీ ఆర్ఎక్స్‌కి (వినే పిన్నుకి) ఒకటి, గ్రౌండ్ ఒకటి. ఆ టీఎక్స్ 5 వోల్టులది, నేరుగా పెట్టకండి. 1కే, 2కే రెసిస్టర్లతో 3.3కి దించండి. "మేం నేరుగానే పెట్టాం, నడుస్తోంది" అనేవాళ్లు చాలామంది ఉంటారు, నడిచినన్నాళ్లు నడుస్తుంది.

అసలు కొత్తగా కొనేవాళ్లకైతే ఉనో ఎందుకో నాకర్థం కాదు. వైఫై లోపలే ఉన్న నోడ్‌ఎంసీయూ బోర్డు ఒక్కటే సెన్సర్నీ పేజీనీ చూసుకుంటుంది, సీరియల్ గొడవే ఉండదు. సిలబస్‌లో ఉనో ఉంది కాబట్టి కొంటున్నారు, అంతే.

మీరు ఎలా చేసినా రూటర్‌లో ఆ మాడ్యూల్‌కి ఐపీ రిజర్వ్ చేసుకోండి. కరెంటు పోయి వస్తే అడ్రస్ మారి, ఇంట్లోవాళ్లు "పేజీ రావట్లేదు" అని ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్ చేస్తారు.