అడుగు కింద పెడితే ఒక పాయింట్

మోటార్‌సైకిల్ ట్రయల్స్: మీ ప్రశ్నలు, నా జవాబులు

నేనుండేది ఇంగ్లండ్‌లో, వెస్ట్ యార్క్‌షైర్‌లోని కీత్లీ ఊళ్లో. వారమంతా వర్క్‌షాపులో ఫిట్టర్ పని. ఆదివారం వస్తే ట్రయల్స్. కొన్ని వారాలు బండెక్కుతాను, కొన్ని వారాలు పాయింట్లు వేసే అబ్జర్వర్‌గా రాళ్ల దగ్గర నిలబడతాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అందరికీ పనికొచ్చేవి కొన్ని ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాను. సీటు లేని బండ్లతో పెద్ద పెద్ద బండరాళ్లు ఎక్కేస్తున్నారు. ఇవి కూడా స్టంట్లేనా? గెలుపు ఎలా తేలుస్తారు? నా దగ్గర ఎక్స్‌పల్స్ 200 ఉంది. దాంతో నేర్చుకోవచ్చా? (ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ)

స్టంట్లు కాదు తమ్ముడూ, పోటీ. అందులోనూ వేగంతో పని లేని పోటీ. రాళ్లు, బురద, చెట్ల వేళ్లు ఉన్నచోట జెండాలు గుచ్చి ఒక దారి కడతారు. కుడివైపు ఎరుపు, ఎడమవైపు నీలం. ఆ ముక్కను సెక్షన్ అంటారు. కాలు కింద పెట్టకుండా బయటపడితే సున్నా, అదే ‘క్లీన్’. ఒకసారి కాలు ఆనితే 1, రెండుసార్లు ఆనితే 2, మూడుసార్లు గానీ ఆపైన ఎన్నిసార్లు గానీ ఆనినా 3. పడిపోయినా, జెండా దాటి బయటికి పోయినా, బండి వెనక్కి జారినా 5. పొద్దు గూకేసరికి ఎవరి ఖాతాలో తక్కువ పాయింట్లుంటే వాళ్లు గెలిచినట్టు. సమానమైతే ఎవరికి క్లీన్‌లు ఎక్కువో చూస్తారు.

నువ్వు చూసిన వీడియోల్లో ఎక్కువ భాగం టోనీ బౌ అనే రైడర్‌వి అయ్యుంటాయి. స్పెయిన్‌లోని కాటలోనియా కుర్రాడు, 2007 నుంచి 2024 దాకా ఒక్క ఏడాది కూడా వదలకుండా ప్రపంచ చాంపియన్. అతను ఎక్కే రాళ్లు చూసి బెదిరిపోవద్దు. మా క్లబ్ పోటీల్లో కొత్తవాళ్ల దారిలో మోకాలెత్తు రాయి ఉంటే అదే పెద్ద రాయి.

ఇక నీ ఎక్స్‌పల్స్ సంగతి. దాని బరువు 150 కిలోలకు పైనే. అసలు ట్రయల్స్ బండి 70 కిలోల దగ్గర ఉంటుంది. కాబట్టి రాళ్లెక్కడానికి అది పనికిరాదు, ప్రయత్నించొద్దు. బ్యాలెన్స్, క్లచ్ నేర్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఖాళీ గ్రౌండులో రెండు నీళ్ల బాటిళ్లు పెట్టు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మొదటి గేర్లో, ఒక్క వేలితో క్లచ్ పట్టుకుని వాటి చుట్టూ ఎనిమిది అంకె వేస్తూ తిరుగు. బాటిళ్లను రోజు రోజుకీ దగ్గరికి జరుపు. మలుపు లోపలికి బండిని వంచి, నీ ఒళ్లు మాత్రం బయటివైపు ఉంచాలి. చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్లబోయే చోట ఉండాలి. ఒక జాగ్రత్త. వీడియోల్లో టైర్లలో గాలి తీసేస్తున్నారని నువ్వూ తీసేయకు. నీ చక్రాల్లో ట్యూబులున్నాయి, గాలి మరీ తగ్గితే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పంక్చరవుతుంది.

పాత సైకిల్ ఉంటే ఇంకా మంచిది. హ్యాండిల్ కాస్త పక్కకి తిప్పి, పెడల్ మీద బరువు వేసి, కదలకుండా నిలబడటం నేర్చుకో. అది వస్తే సగం విద్య వచ్చినట్టే. పెట్రోలు ఖర్చు కూడా ఉండదు.

ప్రశ్న: మేం లీడ్స్‌లో ఉంటాం. ఎనిమిదేళ్ల మా బాబు స్కూలు ఫ్రెండ్‌తో వెళ్లి ట్రయల్స్ చూసొచ్చాడు. అప్పట్నుంచి బండి కొనమని ఒకటే గొడవ. మోటార్‌సైకిల్ అంటేనే నాకు టెన్షన్. ఇంత చిన్న వయసులో పంపొచ్చా?

పంపండమ్మా. మీ భయం నాకు అర్థమవుతుంది, మనిళ్లలో బైక్ అనగానే ముందు గుర్తొచ్చేది యాక్సిడెంటే. కానీ రోడ్డు మీద మనుషుల్ని చంపేది వేగం. ఇక్కడ మీ బాబు నడిచే వేగానికి అటూ ఇటూగా పోతాడు. పడతాడు, చాలాసార్లు పడతాడు, మోచేతులు దోక్కుపోతాయి. హెల్మెట్, చీలమండ పైదాకా వచ్చే గట్టి బూట్లు, మోకాళ్లకు మోచేతులకు ప్యాడ్లు, గ్లవ్స్, ఇవి లేకుండా బండెక్కనివ్వొద్దు. మణికట్టుకు కట్టే తాడు కూడా మర్చిపోకండి. మనిషి బండి మీంచి పడగానే ఆ తాడు చివరున్న అయస్కాంతం ఊడొచ్చి బండి ఆగిపోతుంది.

ఈ వయసుకి ఎలక్ట్రిక్ బండి మంచిది. ఓసెట్ బండ్లు ఇలాంటి పిల్లల కోసమే ఇంగ్లండ్‌లో పుట్టాయి. ఒక తండ్రి తన కొడుకు కోసం చేసిన బండితో మొదలైన కంపెనీ అది, 2022లో ట్రయంఫ్ వాళ్లు కొన్నారు. వేగం, పవర్ ఎంత ఉండాలో పెద్దవాళ్లే తగ్గించి పెట్టొచ్చు. కొత్తది కొనకండి, పిల్లలు ఏడాది తిరిగేసరికి ఎదిగిపోతారు. క్లబ్బులో అడిగితే పక్క పిల్లవాడికి చిన్నదైపోయిన బండి దొరుకుతుంది. బాబు తిరుగుతున్నంతసేపూ మీరు కారులో కూర్చోకుండా ఒక సెక్షన్ దగ్గర అబ్జర్వర్‌గా నిలబడండి. రూల్స్ పది నిమిషాల్లో వస్తాయి. పిల్లలు ఎలా పడతారో, ఎలా లేస్తారో దగ్గర్నుంచి చూస్తే మీ టెన్షన్ సగానికి దిగుతుంది.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో 280 టూ-స్ట్రోక్ ట్రయల్స్ బండి కొన్నాను. నెలన్నర గరాజ్‌లో ఉంచి తీస్తే కష్టం మీద స్టార్టయింది. కొంచెం యాక్సిలరేటర్ తిప్పగానే ఆగిపోతోంది. గట్టిగా తిప్పితే మాత్రం బాగానే అరుస్తోంది. ఇంజిన్ విప్పాలంటారా? (బ్రాడ్‌ఫర్డ్)

ఇంజిన్ జోలికి పోవద్దు. మీరు చెప్పిన లక్షణాలు కార్బురేటర్‌లో పైలట్ జెట్, అంటే యాక్సిలరేటర్ కొంచెమే తిప్పినప్పుడు పెట్రోలు వదిలే సన్న బెజ్జం, మూసుకుపోయినప్పుడు కనిపించేవి. గట్టిగా తిప్పినప్పుడు పెట్రోలు మెయిన్ జెట్ నుంచి వస్తుంది, అందుకే అప్పుడు బాగుంటుంది. ట్రయల్స్‌లో మనం నడిపేదంతా అట్టడుగు రివ్వుల్లోనే, అంటే పైలట్ జెట్ మీదే. నిలవ పెట్రోలు ఆవిరై జిగురు మిగిలితే ముందు మూసుకుపోయేది ఆ సన్న బెజ్జమే. ఇక్కడ 2021 నుంచి బంకుల్లో మామూలు పెట్రోలంటే E10, పది శాతం దాకా ఇథనాల్ కలిసింది. అందులోని ఇథనాల్ తేమను పీలుస్తుంది, నిలవ ఉంటే ఇబ్బంది పెడుతుంది.

కార్బురేటర్ కింది గిన్నె విప్పండి. అడుగున పాదరసం చుక్కల్లా దొర్లేవి కనిపిస్తే అవి నీళ్లు, బండి కడిగినప్పుడు చేరినవి. పైలట్ జెట్ విప్పి లైటుకెదురుగా పట్టుకుని చూడండి. గుండ్రంగా వెలుతురు చుక్క కనబడాలి. మసగ్గా ఉన్నా, పక్కకి నొక్కినట్టున్నా, అదే మీ రోగం. కార్బ్ క్లీనర్ కొట్టి గాలి పట్టండి. గుండుసూది, తీగ పెట్టి పొడవొద్దు. బెజ్జం వెంట్రుకవాసి పెద్దదైనా సెట్టింగ్ మొత్తం పోతుంది. ఇకనుంచి రెండు వారాలకు మించి బండి తీయననుకుంటే పెట్రోలు ట్యాప్ కట్టేసి గిన్నె ఖాళీ చేసి పెట్టండి.

ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఎయిర్‌ఫిల్టర్ కూడా చూడండి. చాలామంది ఫోమ్ ఫిల్టర్‌ను పెట్రోల్లో ఉతుకుతారు, దాంతో అతుకుల జిగురు వదిలేస్తుంది. ఫిల్టర్ క్లీనర్ గానీ, గోరువెచ్చని సబ్బు నీళ్లు గానీ చాలు. మెలి తిప్పి పిండొద్దు, అరచేతుల మధ్య నొక్కండి. పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించి, ఎక్కువైంది నొక్కేసి, అంచులకు గ్రీజు రాసి బిగించండి. ఆయిల్ లేని ఫిల్టర్ దుమ్మును ఆపలేదు.

అమ్మినాయన పెట్రోల్లో ఆయిల్ ఎంత కలిపేవాడో అడిగారా? మాన్యువల్‌లో ఉన్న లెక్కే నమ్మండి. 80:1 అని ఉంటే 5 లీటర్లకు 62.5 మిల్లీలీటర్లు. కంటితో చూసి పోయొద్దు, మందుల షాపులో దొరికే సిరంజి వాడండి.

టైర్ల గాలి ముందు 6 పి.ఎస్.ఐ., వెనక 4 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. మామూలు గేజ్ ఇంత తక్కువ సరిగ్గా చూపదు, 15 దాకా మాత్రమే ఉండే చిన్న గేజ్ కొనుక్కోండి. ఇంకొకటి, రేడియేటర్ ఫ్యాన్. ఈ బండ్లు నెమ్మదిగా పోతాయి కాబట్టి గాలి తగిలి చల్లబడే అవకాశం తక్కువ, అంతా ఫ్యాన్ మీదే. రెక్కల్లో బురద ఎండిపోతే నీళ్లు మరిగిపోతాయి. పోటీ నుంచి రాగానే తడిగా ఉన్నప్పుడే కడగండి. ప్రెషర్ వాషర్‌ను మాత్రం బేరింగుల మీదికి, వెనక సస్పెన్షన్ లింకేజి మీదికి గురిపెట్టొద్దు.

ప్రశ్న: నాకు యాభై ఆరు. ఇప్పుడు మొదలుపెడితే నవ్వుతారా?

ఎవరూ నవ్వరు. మా పోటీల్లో మీ వయసు వాళ్లు చాలామంది ఉంటారు, వెనక రెండు షాక్ అబ్జార్బర్లుండే పాత ట్విన్‌షాక్ బండ్లకు వేరే క్లాసు కూడా ఉంటుంది. 1964లో వచ్చిన బుల్టాకో షెర్పా లాంటి బండ్లను ఇప్పటికీ ముద్దుగా చూసుకుంటూ నడిపేవాళ్లున్నారు. మోకాళ్లు ఒకసారి డాక్టరుకు చూపించి రండి.

ప్రశ్న: అనంతపురంలో మేం పదిహేను మందిమి వారాంతాల్లో కలిసి ఆఫ్‌రోడ్ తిరుగుతాం. ట్రయల్స్ పద్ధతిలో ఒక ఈవెంట్ పెట్టాలనుంది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? ఖర్చెంతవుతుంది?

ఈ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైంది. మీ వైపు గుట్టలు, ఎండాకాలం ఎండిపోయే వాగులు ఈ ఆటకు సరిగ్గా సరిపోతాయి. ట్రాక్ వేయక్కర్లేదు, గ్యాలరీ కట్టక్కర్లేదు. స్కాట్ మోటార్‌సైకిల్ కంపెనీ కార్మికుల కోసం 1914లో ఇక్కడి యార్క్‌షైర్ కొండల్లో మొదలైన పోటీ ఇప్పటికీ నడుస్తోంది, స్కాట్ ట్రయల్ అంటారు. దాని మీద వచ్చే డబ్బు స్థానిక సేవా సంస్థలకు పోతుంది.

మొదట స్థలం. ప్రైవేటు భూమి చూసుకుని, ఆసామి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అడవి భూమి వద్దు. గుడి ఉన్న గుట్ట వద్దు. వదిలేసిన క్వారీ అసలు వద్దు, నిలువు గోతులుంటాయి. పోటీగా పెట్టాలంటే దేశంలో మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ. వాళ్లతో ముందే మాట్లాడండి, ఇన్సూరెన్స్ సంగతి కూడా అప్పుడే తేలుతుంది.

తర్వాత సెక్షన్లు. పది పెట్టి మూడు ల్యాప్‌లు తిరగమంటే ఒక పూటకి సరిపోతుంది. సెక్షన్ కట్టేటప్పుడు అందరూ ‘ఎక్కగలడా’ అని చూస్తారు. మీరు ‘పడితే ఎక్కడ పడతాడు’ అని చూడండి. రాయి ఎక్కేచోట పడినా పక్కన ఇసుకో మట్టో ఉంటే సరే. మొనదేలిన రాళ్లుంటే ఆ దారి మార్చేయండి. ఒకే సెక్షన్లో రెండు దారులు రెండు రంగుల బాణాలతో గుర్తించండి, ఒకటి కొత్తవాళ్లకి. మీ అందరివీ బరువైన బండ్లే కాబట్టి తేలికైన దారి మరీ తేలిగ్గా ఉండనివ్వండి. మొదటి ఈవెంట్లోనే అందరికీ ఐదులు పడితే రెండో ఈవెంట్‌కి ఎవరూ రారు.

అన్నిటికన్నా కష్టమైంది అబ్జర్వర్లను కూడగట్టడం. పది సెక్షన్లకు పది మంది కావాలి, పదిహేను మందీ బండెక్కితే పోటీ లేదు. ఇక్కడ క్లబ్బులు మూతబడుతున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే, రైడర్లు లేక కాదు. మీలో సగం మంది ఒక ఈవెంట్‌లో నడిపి, తర్వాతి ఈవెంట్‌లో నిలబడేటట్టు మొదటే ఒప్పందం చేసుకోండి. ఇంట్లోవాళ్లనీ స్నేహితుల్నీ పిలవండి. అబ్జర్వర్ బండి పక్కనే పరిగెత్తకూడదు. రైడర్ రెండు పాదాలూ, రెండు చక్రాలూ కనబడే చోటు చూసుకుని నిలబడాలి. సెక్షన్ అయిపోగానే పాయింట్లు గట్టిగా చెప్పి, వేళ్లతో చూపించి, కార్డు మీద వేయాలి. పెన్ను కాదు, పెన్సిల్. వానకి కార్డు తడిస్తే పెన్ను రాయదు, మీ దగ్గర చెమట చేతులకీ అంతే. అనుమానమొస్తే రైడర్ పక్షమే. బండి ఆగితే ఐదా కాదా అన్నది పొద్దున్నే మీటింగులో అందరి ముందూ తేల్చేయండి. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి, మధ్యాహ్నం దాని మీద గొడవ పెట్టుకోవద్దు.

మీ ఎండకు ఆరు గంటలకే మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించండి. ప్రతి సెక్షన్ దగ్గరా నీళ్లు, అబ్జర్వర్‌కి గొడుగు ఉండాలి. అంబులెన్స్ అక్కడే నిలిచి ఉండాలి, ఫోన్ చేస్తే వస్తుందిలే అనుకోవద్దు. పెట్రోలు ఒకేచోట, కింద పట్టా పరిచి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని పోసుకోవాలి. ఖర్చులో పెద్ద ముక్కలు అంబులెన్స్, ఇన్సూరెన్స్, పర్మిట్. జెండాలు, రిబ్బన్, కార్డులు మీరే చేసుకోవచ్చు. సాయంత్రం ఒక్క రిబ్బన్ ముక్క కూడా వదలకుండా ఏరి ఆసామికి స్థలం చూపించి రండి, మళ్లీ అడిగినప్పుడు కాదనడు.

స్థలం ఖాయమయ్యాక ఫొటోలు తీసి పత్రిక చిరునామాకు పంపండి. ఏ సెక్షన్ ఉంచొచ్చో, ఏది తీసేయాలో, అబ్జర్వర్ ఎక్కడ నిలబడాలో వచ్చే నెల జవాబుల్లో రాస్తాను.