మేక తల పైకెత్తి చూస్తుంటే ఆలస్యం చెయ్యొద్దు

అన్నా, పెళ్లిలో మిగిలిన అన్నం మెక్కాక మేక తల వెనక్కి విరిచి పైకే చూస్తోంది, గోడలకు గుద్దుకుంటోంది అన్నారు కదా. దిష్టీ కాదు, గాలీ కాదు. బి1 విటమిన్ (థయమిన్) లోపంతో మెదడు వాచినట్టుంది. కంటి ముందు చెయ్యి ఆడించండి. రెప్ప వెయ్యకపోయినా, టార్చి వేస్తే కంటిపాప చిన్నదవుతోందా? అయితే చాలావరకు ఇదే.

కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల థయమిన్ పడాలి, మొదట్లో 6 గంటలకోసారి. మొదటిది డాక్టరే నరానికి మెల్లగా ఎక్కించాలి, ఇప్పుడే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి. మామూలు బి కాంప్లెక్స్‌తో సరిపెట్టొద్దు, అందులో బి1 తక్కువ. దాణా ఆపి గడ్డే వెయ్యండి.

ఒక చెవి వాలి, మూతి ఒకవైపుకి జారి, చొంగ కారుతుంటే అది లిస్టీరియా (మెదడుకు పట్టే ఒక బ్యాక్టీరియా జబ్బు) కావచ్చు. దానికి యాంటీబయాటిక్ కావాలి, ఆ పాలు తాగొద్దు. కుక్క కరిచిందన్న అనుమానముంటే మాత్రం రేబిస్ కావచ్చు, నోట్లో చెయ్యి పెట్టకండి.