బాపును ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టాలి

ప్రశ్న: మాది సిరిసిల్ల. మా బాపు చిన్నతనంలో బొంబాయి వెళ్లి పరేల్‌లో ఓ బట్టల మిల్లులో పనిచేశాడు. 1982 సమ్మెలో పని పోయి ఇంటికి వచ్చేశాడు. సెలవు రోజున గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర గోడ మీద కూర్చుని, ‘తాజ్ హోటల్ కిటికీల్లోంచి చూస్తే మనమెట్ల కనబడ్తమో’ అనుకునేవాళ్లట. అమ్మాబాపుల పెళ్లయి నలభై ఏళ్లయింది. వాళ్లను అక్కడ ఉంచడానికి చీటీ పాడి డబ్బు తీశాను. పాత భవనంలో తీసుకోవాలా, పక్కన టవర్‌లోనా? టవర్‌లో అయితే రెండు రాత్రులు వస్తుంది. బాపు పంచె కడతాడు, ఎవరైనా ఏమైనా అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక కూతురు

జవాబు: మావారి రైల్వే ఉద్యోగం వల్ల నేనూ ఇరవై ఏడేళ్లు పరేల్‌లోనే ఉన్నాను తల్లీ. కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన ఆ సమ్మె తర్వాత మా వీధిలో మిల్లు సైరన్ వినబడక పొద్దున్నే లేవడం మర్చిపోయిన ఇళ్లు నాకు తెలుసు. మీ బాపు ఆ గోడ మీద కూర్చున్న రోజుల్లో నేనూ పిల్లాణ్ణి చంకనేసుకుని అటుగా వెళ్లే ఉంటాను.

ఒక్క రాత్రే ఉంచండి, పాత భవనంలోనే ఉంచండి. టవర్ 1970ల్లో కట్టింది. సౌకర్యాలకేం లోటుండదు. కానీ మీ బాపు అడిగింది సౌకర్యం కాదు కదా, ఆ కిటికీ. గది బుక్ చేసేటప్పుడు ‘ప్యాలెస్ వింగ్, సముద్రం వైపు’ అన్న రెండు మాటలూ కాగితం మీద ఉండేలా చూసుకోండి. పాత భవనంలో ఊరి వైపు చూసే గదులూ ఉన్నాయి. అవి కాస్త తక్కువకు వస్తాయి గానీ, అందులో దించితే ఆయనకు కనబడేది వెనక వీధి. డబ్బు మరీ చాలకపోతే టవర్‌లో సముద్రం వైపు గది తీసుకుని, సాయంత్రం పాత భవనం మొదటి అంతస్తులోని సీ లౌంజ్ అనే ఫలహారశాలలో కిటికీ పక్క బల్ల ముందే చెప్పి ఉంచండి. గేట్‌వే ఎదురుగానే ఉంటుంది.

ఖర్చు దగ్గర ఒక్క జాగ్రత్త. వాళ్లు మొదట చూపే ధరకు పన్ను కలిసిందో లేదో చూడండి. గది అద్దె రోజుకు 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ. ముప్పై వేల గది అనుకుంటే చేతిలోంచి పోయేది 35,400. గదిలోకి వెళ్లేముందు కార్డు మీద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు, అందుకు డెబిట్ కార్డు ఇవ్వకండి. మీ సొంత డబ్బే కొన్నాళ్లు ఇరుక్కుంటుంది. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే తెల్లవారుజామున వీటీ స్టేషన్‌లో (ఇప్పుడు సీఎస్‌ఎంటీ అంటున్నారు) దిగుతారు. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. ముందే దొరుకుతుందేమో ఫోన్ చేసి అడగండి, లేకపోతే సామాను వాళ్ల దగ్గర పెట్టి ఊరు చూపించండి. అక్కడ ఆటోలు తిరగవు, ట్యాక్సీనే. ఇంకోటి, స్నానాల గదిలో తొట్టి లేని గది అడగండి. ఆ తొట్టి గోడ దాటడం మోకాళ్ల నొప్పులవాళ్లకు ఎంత కష్టమో నాకిప్పుడు తెలుస్తోంది.

పంచె సంగతి. నిక్కర్లతో తిరిగే విదేశీయుల మధ్య ఇస్త్రీ పంచె కట్టిన పెద్దమనిషిని చూసి మొహం చిట్లించేవాళ్లుంటే తప్పు వాళ్లది. రాత్రి భోజనానికి మాత్రం కొన్ని రెస్టారెంట్లకు దుస్తులు, చెప్పుల నియమాలుంటాయి, ముందే కనుక్కోండి. లేదా హోటల్ వెనక సందులో బడేమియా కబాబులు తినిపించండి. బాపుకు అవి గుర్తుండే ఉంటాయి. గుమ్మం దగ్గర బ్యాగులు మెషిన్‌లో పెట్టి చూస్తారు. 2008 ఉగ్రవాదుల దాడి తర్వాత అందరికీ అంతే. మనల్నే అనుమానించారని ఆయన నొచ్చుకోకుండా ముందే చెప్పండి. లోపల ఆ దాడిలో పోయినవాళ్ల పేర్లతో స్మారకం ఉంది, ఒక్క నిమిషం ఆగండి.

గుమ్మటం కింద పెద్ద మెట్లూ, జంషెట్జీ టాటా విగ్రహమూ చూపించండి. బయట గైడ్లు ఈ హోటల్‌ను పొరపాటున వెనక్కి తిప్పి కట్టారనీ, అది చూసి ఇంజనీరు ప్రాణం తీసుకున్నాడనీ చెబుతారు. ఉత్త కథ. మొదలుపెట్టిన సీతారాం ఖండేరావ్ వైద్య మధ్యలోనే చనిపోతే డబ్ల్యూ.ఏ. చాంబర్స్ పూర్తి చేశారు. గుమ్మం ఊరి వైపు పెట్టుకున్నది కావాలనే. హోటల్ తెరిచింది 1903 డిసెంబర్ 16న, గేట్‌వే ప్రారంభమైంది 1924లో. మీ బాపు కూర్చున్న చోటు కంటే ఆయన చూసిన కిటికీలే వయసులో పెద్దవన్నమాట.

ధర మాత్రం ఆయనకు చెప్పకండి. అడిగితే ‘చీటీ డబ్బు’ అనండి. అబద్ధం కాదుగా.

ప్రశ్న: పెద్ద హోటల్ గదిలో పెట్టిన సబ్బులు, షాంపూలు ఇంటికి తెచ్చుకోవచ్చా? మావారు పరువు పోతుందంటున్నారు. – విజయనగరం పాఠకురాలు

జవాబు: సబ్బులు, చిన్న సీసాలు, దువ్వెన నిక్షేపంగా తెచ్చుకోండి. అవి మీ కోసమే. తువ్వాళ్లు, స్నానం గౌను వద్దు. మంచినీళ్ల సీసాల్లో ఏవి ఉచితమో అడిగి తాగండి. బల్ల మీద పళ్లెంలో జీడిపప్పు పొట్లం ఉంటే ముట్టుకోకండి. ఒక ఊళ్లో, పేరెందుకులెండి, ఉచితమనుకుని రెండు తిన్నాను. బిల్లు చూశాక మావారు రైలెక్కేదాకా నాతో మాట్లాడలేదు.