గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెతోనే దహనం చెయ్యాలా?

ప్రశ్న: మా ఊరి కుర్రాడు కువైట్‌లో పనిచేస్తూ చనిపోతే బాడీ పెట్టెలో వచ్చిందండి. పెట్టె తియ్యకూడదు, అది చట్టం అని ఎవరో చెప్తే అలాగే పెట్టెతో సహా కాల్చేశారు, వాళ్లమ్మకి కొడుకు మొహం కూడా చూపించలేదు. నిజంగా అలాంటి రూల్ ఉందా?
- ఓ పాఠకుడు, సోంపేట మండలం

జవాబు: లేదు బాబూ. ఆ తల్లి సంగతి చదివి మనసు తరుక్కుపోయింది. మీ సోంపేట చుట్టుపక్కల ఉద్దానంలో ఇంటికొకరు బయటే ఉంటారు కాబట్టి ఈ విషయం అందరికీ తెలియాలి.

దహనానికి పెట్టె ఉండాలని మన దగ్గర ఏ చట్టమూ చెప్పదు. పెట్టె రూలంతా విమానం కోసమే. 1954 నాటి విమాన ప్రజారోగ్య నిబంధనల ప్రకారం బాడీని జింక్ లాంటి రేకు పెట్టెలో పెట్టి, అతుకులన్నీ టంకం వేసి, వాసన గానీ నీరు గానీ బయటికి రాకుండా మూసి, దానిమీద గట్టి చెక్క పెట్టె వెయ్యాలి. ఎయిర్‌పోర్టులో హెల్త్ ఆఫీసర్ కాగితాలు చూసి వదిలాక ఆ పెట్టె పని అయిపోయినట్టే.

అసలు ఆ రేకు చితి మీదకి వెళ్లనే కూడదు. జింక్ 420 డిగ్రీలకే కరిగిపోద్ది, 900 దాటితే ఆవిరైపోద్ది, ఆ పొగ పీల్చినోళ్లకి వణుకుతో జ్వరం వస్తుంది, పైగా మూసేసిన రేకులో శరీరం సరిగ్గా కాలదు కూడా. అందుకే ఆరుబయట, పిల్లల్ని దూరంగా ఉంచి, మాస్కు గ్లౌజులు వేసుకుని రేకు కోయించండి, బాడీ పాడవకుండా ఎక్కించిన మందు ఘాటుకి కళ్లు మండుతాయి, కాసేపు గాలి తగలనిచ్చి అప్పుడు అమ్మకీ భార్యకీ మొహం చూపించి, పాడె మీదకి మార్చి మీ పద్ధతిలోనే దింపుడుకళ్లం అదీ చేసుకోవచ్చు. అయితే అంటురోగంతో పోయారని కాగితాల్లో ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. చావు మీద ఏ కొంచెం అనుమానం ఉన్నా నిప్పు పెట్టకముందే పోలీసులకి కంప్లైంట్ ఇచ్చి పోస్టుమార్టం అడగండి, కాల్చేశాక ఇంక తేల్చడానికి ఏమీ మిగలదు. అక్కడి డెత్ సర్టిఫికెట్, ఎంబసీ ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), క్యాన్సిల్ చేసిన పాస్‌పోర్ట్, అన్నీ జిరాక్సులు తీసి దాచండి. ఆ కుర్రాడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో, అంటే బయటిదేశం పనికి వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతితో, వెళ్లుంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది, యాక్సిడెంట్‌లో పోతే నామినీకి 10 లక్షలు వస్తాయి, వాళ్లమ్మ చేత ఆ పాలసీ కాగితం ముందు వెతికించండి.