కీ మీది అచ్చును నమ్మకు

చిరంజీవి చిన్నాడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అనువాదాల పనిలో కుదురుకున్నావంటే సంతోషం. విదేశీ పేర్ల నెత్తిన ఉండే గీతలూ చుక్కలూ టైపు చేయలేక తంటాలు పడుతున్నానని, కోడ్‌ల చిట్టా ఏదైనా ఉంటే పంపమని, గోడకు అంటించుకుంటానని రాశావు. పంపనురా. అలాంటి కాగితం నాకూ ఒకటి ఉండేది. అది ఉన్నన్నాళ్లూ తెర వైపు చూసినదానికన్నా గోడ వైపు చూసిందే ఎక్కువ. ఓ రోజు సున్నం వేస్తూ ఎవరో చింపేశారు. వారం తిరిగేసరికి నాకు నిజంగా కావలసినవి పదో పన్నెండో గుర్తులేనని తేలింది.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. నువ్వు కీ నొక్కినప్పుడు కీబోర్డు అక్షరాన్ని పంపదు. ‘ఫలానా చోట ఉన్న కీ నొక్కారు’ అని ఒక నంబరు పంపుతుంది, అంతే. ఆ నంబరుకు ఏ అక్షరమో తేల్చేది కంప్యూటర్‌లో పెట్టి ఉన్న లేఅవుట్, అంటే ఏ కీకి ఏ అక్షరమో చెప్పే పట్టిక. కీ మీద అచ్చేసినది నీ కంటి కోసం. కంప్యూటర్‌కు అది కనిపించదు. జర్మన్ లేఅవుట్ పెట్టి చూడు, వై నొక్కితే జెడ్ వస్తుంది, జెడ్ నొక్కితే వై. ఎట్ గుర్తు (@) పోయి క్యూ దగ్గర కూర్చుంటుంది, కుడి ఆల్ట్ పట్టుకుంటే గానీ బయటికి రాదు. ఫ్రెంచి లేఅవుట్‌లో అంకె వేయాలన్నా షిఫ్ట్ నొక్కాలి.

ఇది తెలియక నేను పడ్డ అవస్థ చెబుతాను. ఒకసారి ఒక ఆఫీసులో పని మీద వెళ్లి, వాళ్లిచ్చిన కంప్యూటర్‌లో నా పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మూడోసారికి ఖాతాకు తాళం పడింది. నా పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు ఉంది. ఆ కంప్యూటర్‌లో ఉన్నది బ్రిటిష్ లేఅవుట్. అందులో షిఫ్ట్, 2 కలిపి నొక్కితే ఎట్ రాదు, జంట కొటేషన్ గుర్తు వస్తుంది. తెర మీద అన్నీ చుక్కలే కదా, ఏది పడిందో ఎలా తెలుస్తుంది? అప్పటి నుంచీ కొత్త కంప్యూటర్ ముందు కూర్చుంటే నేను చేసే పని ఒకటే. పాస్‌వర్డ్‌లోని గుర్తులను ముందు యూజర్ నేమ్ పెట్టెలో కొట్టి కళ్లారా చూసుకుని, చెరిపేసి, తర్వాతే అసలు చోట కొడతాను. పాస్‌వర్డ్ మొత్తం కొట్టకు సుమా, గుర్తులు మాత్రమే. పక్కన ఎవరైనా ఉంటే అదీ వద్దు.

విండోస్‌లో ఏ లేఅవుట్ నడుస్తోందో గడియారం పక్కన చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఒకదాని నుంచి మరోదానికి మారుతుంది. ఇది పొరపాటున నొక్కేసి, కీబోర్డు పాడైందనుకునేవాళ్లూ ఉంటారు.

ఇక నీ అసలు బాధ, నెత్తిన గీతల సంగతి. విండోస్‌లో యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ అనే లేఅవుట్ చేర్చుకో. అందులో ఒంటి కొటేషన్, జంట కొటేషన్, టిల్డా (~) లాంటి ఐదు గుర్తులు డెడ్ కీలు. అంటే నొక్కగానే ఏమీ పడదు, తర్వాతి అక్షరం కోసం కాచుకుని ఉంటుంది. ఒంటి కొటేషన్ నొక్కి ఇంగ్లీషు ఈ (e) నొక్కితే, వాలుగీత పెట్టుకున్న ఈ (é) వస్తుంది. టిల్డా నొక్కి ఎన్ నొక్కితే స్పానిష్ వాళ్ల ఎన్ (ñ). నోటితో పేరు పలికినంత తేలిగ్గా వేళ్లకు అలవాటవుతుంది.

దీనికీ ఒక తలనొప్పి ఉంది. మామూలు ఇంగ్లీషులో కొటేషన్ తెరిచి ఏతోనో ఈతోనో మొదలయ్యే మాట రాయబోతే కొటేషన్ మాయమై అక్షరం నెత్తిన కూర్చుంటుంది. కొటేషన్ కావాలంటే ఆ కీ తర్వాత స్పేస్ నొక్కాలి. రోజంతా ఇలా రాయడం నరకం. అందుకే దీన్ని రెండో లేఅవుట్‌గా పెట్టుకుని, పేర్లు వచ్చినప్పుడే దానికి మారడం నా పద్ధతి. పూర్తిగా దానిలోనే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఓపికకు దండం.

ఆల్ట్ కోడ్‌లు అడిగావు కాబట్టి రెండు ముక్కలు. ఆల్ట్ పట్టుకుని, కుడివైపు విడిగా ఉండే అంకెల మీద 0176 కొడితే డిగ్రీ గుర్తు (°), 0151 కొడితే పొడుగు డ్యాష్ (—). ముందున్న సున్నా అలంకారం కాదు. దాన్ని మరిచిపోయి 176 మాత్రమే కొడితే డిగ్రీకి బదులు చుక్కల చుక్కల పెట్టె (░) పడుతుంది. ఎందుకంటే సున్నా లేని నంబర్లు విండోస్‌కు ముందున్న డాస్ కాలం పట్టికలోంచి వస్తాయి, సున్నా ఉన్నవి విండోస్ పట్టికలోంచి. పైగా అక్షరాల పైన వరసగా ఉండే అంకెల మీద ఇవి పనిచేయవు, విడి అంకెల పలకే కావాలి. అది లేని ల్యాప్‌టాప్ కొన్నవాడికి ఈ విద్య సగం దండగ. నీది ఆ రకమేగా?

అందుకే వర్డ్‌లో ఉన్నప్పుడు ఇంకోటి చెబుతాను. గుర్తు తాలూకు యూనికోడ్ సంఖ్య (అన్ని భాషల అక్షరాలకూ కలిపి ఇచ్చిన ఉమ్మడి నంబర్లలో దానిది) టైపు చేసి, వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కు. 2014 అని కొట్టి నొక్కితే పొడుగు డ్యాష్. ఇదే ఉపాయం తిరగేసీ పనిచేస్తుంది. నీకు తెలియని గుర్తు పక్కన కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే దాని సంఖ్య బయటపడుతుంది. నాకు కోడ్‌లు ఇవ్వడం కన్నా అనుమానాలు తీర్చడంలోనే ఇది ఎక్కువ ఉపయోగపడింది.

రూపాయి గుర్తు ₹ సంగతి వేరు. ప్రభుత్వం దాన్ని ఆమోదించింది 2010 జులైలో, అదే ఏడు అక్టోబరులో యూనికోడ్ 6.0లోకి వచ్చింది. ఇప్పుడు ఇంగ్లీష్ ఇండియా లేఅవుట్‌లో కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కితే చాలు. కానీ మొదట్లో ఏం చేశారంటే, ఒక ఫాంట్‌లో వెనక్కి వాలిన చిన్న గీత గుర్తు (`) చోట రూపాయి బొమ్మ గీసి పంచారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే రూపాయలన్నీ మళ్లీ గీతలే. పాత డీటీపీ తెలుగు ఫైళ్లు తెరిస్తే ఇంగ్లీషు పిచ్చిరాతలు కనిపించేదీ ఈ కారణంగానే. ఫాంట్ మారిస్తే మారిపోయేది గుర్తు కాదు, వేషం. ఎవరైనా ‘ఈ ఫాంట్ వేసుకుంటే ఆ అక్షరం వస్తుంది’ అంటే కొంచెం అనుమానించు.

మ్యాక్ మీద పని పడితే ఆప్షన్ కీని నమ్ముకో. ఆప్షన్ పట్టి ఈ నొక్కి, వదిలి, మళ్లీ ఈ నొక్కితే వాలుగీత ఈ. ఆప్షన్, షిఫ్ట్, 8 డిగ్రీ. లేదా అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే ఫోన్‌లోలాగే చిన్న పట్టీ తెరుచుకుంటుంది. లినక్స్ వాళ్లకు కంపోజ్ కీ అని ఒకటుంది. సెట్టింగుల్లో దానికో కీ కేటాయించుకుంటే, కంపోజ్ తర్వాత మూడు హైఫన్లు పొడుగు డ్యాష్, రెండు ఓలు డిగ్రీ. ఏది దేనికో బొమ్మను చూసి ఊహించేయొచ్చు. నన్నడిగితే వీటన్నిటిలో తెలివైన పద్ధతి అదే.

గుర్తు తెర మీద కనిపించగానే పని అయిపోయిందనుకోకు. డిగ్రీ గుర్తులాగే స్పానిష్ వాళ్లు అంకె పక్కన వేసుకునే బుల్లి ఓ (º) ఒకటుంది. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు రెండు. గీత ఉన్న ఈ కూడా రెండు రకాలుగా ఉండొచ్చు, మొత్తం ఒకే గుర్తుగానో, మామూలు ఈ పక్కన విడి గీతగానో. ఒక ఫైలులో ఒక రకం, ఇంకో ఫైలులో ఇంకో రకం ఉంటే కొన్ని చోట్ల వెతికినా పేరు దొరకదు. కళ్లెదుటే ఉంటుంది, లేదంటుంది. ఎక్కడి నుంచో కాపీ చేసి తెచ్చిన పేర్లతోనే ఈ పేచీ. ముఖ్యమైన పేరైతే నీ చేత్తో నువ్వే కొట్టు.

ఇతరుల అక్షరాలకు ఇంత కష్టపడుతున్నావు కదా, మన వాటికీ కాస్త పెట్టు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో వ వెళ్లి ట కింద వత్తుగా నక్కకుండా ఆపేది కంటికి కనిపించని ఒక గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్. దాని సంఖ్య 200సీ, సీ ఇంగ్లీషుది. వర్డ్‌లో ఇందాకటి ఉపాయంతోనే పెట్టొచ్చు. పొల్లు తర్వాత పెట్టాలి, ముందు కాదు.

ఇంకొకటి, నీ ఉత్తరంలో ‘దుఃఖం’ రెండుసార్లు రాశావు, రెండుసార్లూ విసర్గ చోట కోలన్ కొట్టావు. అది విసర్గ కాదురా, రెండు చుక్కలు. కంటికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు అది వేరే గుర్తు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్‌లో అయితే షిఫ్ట్ పట్టి హైఫన్ కీ నొక్కు. నువ్వు వాడేది ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టే తెలుగు కొట్టే ఉచ్చారణ పద్ధతి అయితే క్యాపిటల్ హెచ్ కొట్టి చూడు, చాలావాటిలో అదే. దిద్ది మళ్లీ పంపు.

పెద్దమ్మ